అనుమతి ఉన్న జ్ఞాపకం

హువే నగరానికి పడమర దిక్కున, సువాసన నది ఒడ్డునే ఓ గుట్ట మీద థియెన్ మూ ఆరామం ఉంది. 1601లో న్గుయెన్ ప్రభువుల కాలంలో కట్టింది. రేవులో పడవ దిగి మెట్లెక్కితే ఎనిమిది పలకల ఏడంతస్తుల గోపురం ఎదురవుతుంది. దాన్ని దాటి, ఆలయం దాటి, వెనక తోటవైపు నడిస్తే పక్కగా ఒక షెడ్డు, అందులో లేత నీలం రంగు పాత ఆస్టిన్ కారు. లోపల బుద్ధుడికి దణ్ణం పెట్టని విదేశీయులు కూడా ఈ కారు ముందు మాటలు ఆపి నిలబడటం చూశాను. 1963 జూన్ 11న తిక్ క్వాంగ్ డుక్ అనే వృద్ధ భిక్షువు సైగాన్‌లో ఈ కారు దిగి, నాలుగు రోడ్ల కూడలిలో పద్మాసనం వేసుకు కూర్చున్నారు. తోటి భిక్షువు ఆయన మీద పెట్రోలు పోశాడు. అగ్గిపుల్ల ఆయనే గీసుకున్నారు. మంటల్లో కదలకుండా కూర్చున్న ఆ మనిషిని మాల్కమ్ బ్రౌన్ అనే అమెరికన్ విలేకరి ఫోటో తీశాడు. ఆ ఫోటో ప్రతి ఒకటి ఈ కారు దగ్గరే గోడకు పెట్టారు.

ఆ ఏడాది గొడవ మొదలైంది హువేలోనే. అప్పటి దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గో దిన్ జియెమ్ కాథలిక్కు. ఆయన అన్న ఇక్కడ ఆర్చిబిషప్. అన్నగారి ఉత్సవానికి ఊరంతా కాథలిక్ జెండాలు ఎగిరాయి. కొద్దిరోజులకే వచ్చిన బుద్ధ పూర్ణిమకు మాత్రం బౌద్ధ జెండా కట్టకూడదన్నారు. మే 8 రాత్రి నది ఒడ్డున రేడియో స్టేషను ముందు చేరిన జనంలో పలువురు చనిపోయారు. వాళ్లలో చిన్నపిల్లలున్నారు. నెల తిరిగేసరికి క్వాంగ్ డుక్ ఆహుతి. నవంబరుకల్లా జియెమ్ ప్రభుత్వం కూలింది, జియెమ్ హత్యకు గురయ్యాడు.

ఇదంతా ఇక్కడికొచ్చే ఎవరికైనా తెలుస్తుంది. షెడ్డు దగ్గరి పలక మీద ఉంది, గైడ్లు చెబుతారు, బడి పుస్తకాల్లో ఉంది. అయితే ఇదే ప్రాంగణంలో ఇంకో నిప్పు రగిలింది. దానికి పలక లేదు.

1993 మే 21న ఒక గృహస్థు ఇక్కడికి వచ్చి, అంతకు ముందు ఏడాది కన్నుమూసిన ఈ ఆరామ పెద్ద తిక్ డోన్ హౌ సమాధి స్తూపం సమీపంలో ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. వ్యక్తిగత కారణాలతో చేసుకున్న ఆత్మహత్య అని ప్రభుత్వం తేల్చేసింది. మూడు రోజులకు ఆరామాధిపతి తిక్ త్రి తూను అధికారులు విచారణకు పిలిపించారు. ఆయన్ని వదలమని భిక్షువులు వెళ్లి రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల వెనక ఊరు కదిలింది. 40,000 మంది వచ్చారని బౌద్ధులు చెప్పుకున్నారు. 1975 తర్వాత కమ్యూనిస్టు వియత్నాం చూసిన అతిపెద్ద నిరసనల్లో అది ఒకటి. ఒక సర్కారు వాహనం తగలబడింది. ఆ నవంబరులో శాంతిభద్రతలకు భంగం కలిగించారన్న నేరం మీద త్రి తూతో సహా నలుగురు భిక్షువులకు మూడేళ్లు, నాలుగేళ్ల చొప్పున జైలు వేశారు.

నాకు దుబాసీగా వచ్చినవాడు హువే కుర్రాడు, యూనివర్సిటీ విద్యార్థి. నన్ను ‘చూ’ అని పిలిచేవాడు, మన బాబాయ్ లాంటి పిలుపు. 1993 సంగతి అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. తను పుట్టి పెరిగిన ఊళ్ళో, తన తల్లిదండ్రులు యవ్వనంలో ఉండగా జరిగింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదట. కాసేపు ఫోన్లో ఏదో వెతికాడు. తర్వాత, “బాబాయ్, ఇది ఇక్కడ మాట్లాడుకోవద్దు, నది దగ్గరికి పోదాం” అన్నాడు.

నేను పెరిగిన ఇంట్లో వియత్నాం పరాయి దేశం కాదు. మా నాన్న తరానికి హో చి మిన్ ఇంట్లో మనిషి. తెలంగాణ సాయుధ పోరాటం చూసిన ఊళ్ళు, కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఎర్రజెండా ఎగిరిన ఊళ్ళు అమెరికా బాంబుల మీద సభలు పెట్టుకున్నాయి, పాటలు కట్టుకున్నాయి. సైగాన్ పడిన రోజును పండగ చేసుకున్న వాళ్లున్నారు. ఆ అభిమానం నాలో ఇప్పటికీ ఉంది, దాన్ని వదులుకోవడానికి నేను ఈ ప్రయాణం పెట్టుకోలేదు. కానీ జియెమ్‌ను ఎదిరించిన భిక్షువులనే జియెమ్ శత్రువులు జైల్లో పెట్టారంటే ఆ సంగతి మన సభల్లో ఒక్కసారైనా వినపడాల్సింది. వినపడలేదు.

జియెమ్ పతనం తర్వాత 1964 జనవరిలో సైగాన్‌లోని సా లోయ్ పగోడాలో వియత్నాం ఐక్య బౌద్ధ సంఘం పుట్టింది. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు, వాన్ హాన్ విశ్వవిద్యాలయం నడిపింది. అమెరికా యుద్ధాన్నీ వ్యతిరేకించింది, ఆయుధం పట్టిన రెండు పక్షాలనూ నిలదీసింది. 1966లో హువే, డా నాంగ్ నగరాల్లో బౌద్ధులు తిరగబడితే అమెరికా మద్దతున్న సైనిక ప్రభుత్వం అణిచివేసింది. అంటే 1975లో ఉత్తరాది సైన్యం సైగాన్ చేరేనాటికి ఈ భిక్షువులు పాత పాలకుల తొత్తులు కారు, పాత పాలకుల జైళ్లలో మగ్గి వచ్చినవాళ్లు. కొత్త ప్రభుత్వం వాళ్ల సంస్థలను స్వాధీనం చేసుకుంది. 1977లో నాయకులను అరెస్టు చేసింది. సంఘం పెద్దల్లో ఒకరైన తిక్ థియెన్ మిన్ మరుసటేడు నిర్బంధంలోనే చనిపోయారు.

1981 నవంబరులో హనోయ్‌లోని క్వాన్ సూ ఆలయంలో వియత్నాం బౌద్ధ సంఘం అనే మరో సంస్థను ఏర్పాటు చేశారు. పార్టీ ఆధ్వర్యంలో నడిచే ఫాదర్‌లాండ్ ఫ్రంట్‌లో అది సభ్య సంస్థ. ధర్మం, జాతి, సోషలిజం అన్న మూడూ దాని నినాదం. దేశంలో చట్టబద్ధంగా ఉన్న బౌద్ధ సంఘం అదొక్కటే. ఐక్య బౌద్ధ సంఘం పెద్దల్లో కొందరు అందులో చేరారు. ధర్మదీపం ఆరకుండా ఉండాలంటే ఇదొకటే దారి అనుకున్న నిజాయితీపరులు వాళ్లలో ఉన్నారు, వాళ్లను తప్పుపట్టే హక్కు బయటినుంచి వచ్చిన నాకు లేదు. చేరనన్నవాళ్ల సంఘాన్ని మాత్రం లేనట్టే లెక్కగట్టారు.

మనకు దేవాదాయ శాఖ ఉంది కాబట్టి ఇదీ అలాంటిదేననుకునే ప్రమాదం ఉంది. దేవాదాయ శాఖ హుండీ లెక్క చూస్తుంది, ఈవోను వేస్తుంది, కల్యాణమండపం వేలం వేస్తుంది. నీ వీధిలో నువ్వు చందాలేసుకుని రామాలయం కట్టుకుంటే భజన బృందానికి ఎవరు పెద్దో అది చెప్పదు. ఇక్కడ ఎవరు భిక్షువో, ఎవరు కాదో తేల్చేది ఆ ఒక్క సంఘం. ఎక్కడ ఎవరు సమావేశమవ్వాలన్నా ముందు నమోదు. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న మతవిశ్వాసాల చట్టం ప్రకారం ఏ మతసంస్థకైనా గుర్తింపు రావాలంటే నమోదై అయిదేళ్లు గడవాలి. నమోదుకే ఒప్పుకోనివాళ్లకు ఆ అయిదేళ్లు ఎప్పటికీ మొదలుకావు.

నది దగ్గర కూర్చున్నాక కుర్రాడు అడిగాడు. “ఇన్ని గుళ్ళున్నాయి, అందరూ వస్తున్నారు, పూజలు చేస్తున్నారు. స్వేచ్ఛ లేదని ఎలా అంటారు బాబాయ్?” న్యాయమైన ప్రశ్న. హువేలో తిరుగుతుంటే ఆ మాటే నిజమనిపిస్తుంది. పున్నమికీ అమావాస్య మరునాటికీ ఊళ్ళో సగం మంది శాకాహారం తింటారు, మామూలు రోజుల్లో పంది ఎముకల పులుసు అమ్మే ఆవిడ కూడా ఆ పూట పుట్టగొడుగుల రసంలో సేమ్యా వేసి ఇస్తుంది. ప్రతి ఇంటిముందూ అగరొత్తులు వెలుగుతుంటాయి. ఈ దేశంలో బౌద్ధాన్ని ఎవరూ నిషేధించలేదు. నిన్ బిన్‌లో బాయ్ దిన్ లాంటి మహాలయాలు ఈ ప్రభుత్వ కాలంలోనే లేచాయి. ఐక్యరాజ్యసమితి వేశాఖ దినోత్సవాన్ని 2008, 2014, 2019, 2025లలో వియత్నామే నిర్వహించింది. నిషేధం అంతా ఒక్క విషయం మీదే. సర్కారు రిజిస్టరు బయట బుద్ధుడి శిష్యుడిగా బతకడం కుదరదు.

ఊరికి దక్షిణాన పైన్ చెట్ల మధ్య తూ హియూ ఆరామం ఉంది. అర్ధచంద్రాకారపు కొలను, పక్కన రాజాస్థానపు నపుంసక సేవకుల సమాధులు. మన పాఠకులకు పేరు పరిచయమున్న తిక్ న్యాట్ హాన్ పదహారేళ్ల వయసులో ఇక్కడే భిక్షువయ్యారు. 1966లో శాంతి కోరుతూ అమెరికా వెళితే రెండు వియత్నాంలూ తలుపులు మూశాయి. 2005లోగానీ తిరిగి అడుగుపెట్టలేకపోయారు. 2018లో, పక్షవాతంతో మాట పడిపోయిన ఆయన్ని శిష్యులు ఇక్కడికి తీసుకొచ్చారు. 2022 జనవరి 22న ఈ ఆవరణలోనే పోయారు. ఇక్కడి వృద్ధ భిక్షుణి ఒకామె (పెద్ద భిక్షుణులను ‘సు బా’ అంటారు) నన్ను చూసి నమస్కరించి, ఇండియా అని విని మా ఊరు ఏ వైపు అని అడిగింది. కృష్ణా నది అన్నాను. ఆమెకు తెలియలేదు. నాగార్జునకొండ అన్నప్పుడు మాత్రం కుర్రాడు నా మాటను అనువదించేలోపే ఆమె రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులు జోడించడానికి కారణం ఉంది. 2025 వేశాఖ ఉత్సవాలకు భారత ప్రభుత్వం సారనాథ్ మూలగంధకుటి విహారంలోని బుద్ధ ధాతువులను ప్రత్యేక విమానంలో వియత్నాం పంపింది. ఆ ధాతువులు సారనాథ్‌లో దొరికినవి కావు. 1920ల చివర నాగార్జునకొండ తవ్వకాల్లో లాంగ్‌హర్స్ట్ బయటికి తీసినవి. 1932లో పురావస్తు శాఖ మహాబోధి సొసైటీకి అప్పగించింది. ఇక్ష్వాకుల నాటి మన మహాచైత్యం కడుపులోంచి వచ్చిన ఆ ధాతువులు హో చి మిన్ నగరం (సైగాన్‌కు ఇప్పటి పేరు), తాయ్ నిన్, హనోయ్, తామ్ చుక్‌లలో ఊరేగాయి. కోటి మందికి పైగా దర్శించుకున్నారని ప్రభుత్వాలు ప్రకటించాయి. జనం తాకిడికి గడువు పొడిగించి జూన్ మొదట్లో వెనక్కి తెచ్చారు. సు బా కూడా వరసలో నిలబడిందట. తెల్లవారుజామున వెళితే మధ్యాహ్నానికి దర్శనమైందని చెప్పింది. ఆ ధాతువులు మా వైపువని విన్నాక నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మన నేల పేరు చెబితే ఒక ముసలామె కళ్లనీళ్లు పెట్టుకోవడం నాకు మన నేలలో ఎక్కడా ఎదురుకాలేదు.

హువే నుంచి దక్షిణానికి రైలు. యుద్ధంలో తెగిపోయిన పట్టాలను కలిపి 1976లో మళ్లీ నడిపిన లైను ఇది, అందుకే దీన్ని పునరేకీకరణ రైలంటారు. హాయ్ వాన్ కనుమలో ఒకవైపు కొండ, ఇంకోవైపు కిటికీ కింద సముద్రం. పెట్టెలో వాళ్లంతా అటువైపే చేరారు. నాకు మాత్రం తర్వాత వచ్చే రెండు చిన్న స్టేషన్ల మీదే మనసుంది. క్వాంగ్ న్గాయ్ ఒకటి. 1982లో ఐక్య సంఘం నాయకుడు తిక్ హుయెన్ క్వాంగ్‌ను సైగాన్ నుంచి తెచ్చి ఈ జిల్లాలోనే నిర్బంధించారు. ఇరవయ్యేళ్లకు పైగా. 1992లో డోన్ హౌ అంత్యక్రియలకు హువే వెళ్లనిస్తే, అక్కడ శవపేటిక ముందు నిలబడి సంఘానికి స్వేచ్ఛ కావాలని ప్రసంగించారు. ఆ ఏడాది వియత్నాం బౌద్ధులకు మళ్లీ గొంతు వచ్చింది. తర్వాతి వేసవిలో థియెన్ మూ దగ్గర జరిగినదానికి ఆ ప్రసంగం తొలి అడుగు. రెండో స్టేషను బిన్ దిన్ ప్రాంతపు డియూ చీ. అక్కడికి దగ్గర్లోని న్గుయెన్ థియూ ఆరామంలో 2008 జులై 5న ఆయన పోయారు. రైలు రెండు చోట్లా ఎక్కువసేపు ఆగలేదు. ప్లాట్‌ఫారం మీద ఎండు పీతలు, నువ్వుల అప్పడాలు అమ్ముతున్నారు.

సైగాన్‌లో నేను మొదట వెళ్లింది న్గుయెన్ దిన్ చియూ, కాచ్ మాంగ్ థాంగ్ తామ్ వీధులు కలిసే కూడలికి. క్వాంగ్ డుక్ కూర్చున్నది ఇక్కడే. 2010లో ప్రభుత్వం కంచు విగ్రహం కట్టించింది. మంటలు వెనక్కి అలల్లా లేస్తుంటే ఆయన మధ్యలో కూర్చుని ఉంటారు. చుట్టూ మోటారు సైకిళ్ల వరద ఆగదు. అంత రద్దీలోనూ ఒకమ్మాయి హెల్మెట్ తీయకుండానే దిగి, మూడు అగరొత్తులు వెలిగించి, వంగి నమస్కరించి వెళ్లిపోయింది. ఆయన దేహం దహనమైనా గుండె కాలకుండా మిగిలిందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ గుండెను చాలా ఏళ్లుగా స్టేట్ బ్యాంకు భద్రతలో ఉంచారు. 2025 వేశాఖానికి బయటకు తీసి వియత్నాం క్వోక్ తూ ఆలయంలో జనానికి చూపారు. ఒకే నెలలో ఒకే నగరంలో మన నాగార్జునకొండ ధాతువులు ఒకచోట, ఒక ధిక్కారి గుండె ఇంకోచోట. ఎదిరించినవాడు వేరే ప్రభుత్వాన్ని ఎదిరించాడు కాబట్టి ఆ గుండె పవిత్రం.

ఇది అర్థం కావాలంటే తిక్ క్వాంగ్ డో కథ తెలియాలి. 1928లో థాయ్ బిన్ పల్లెలో పుట్టారు. 1963 ఆగస్టులో జియెమ్ పోలీసులు పగోడాల మీద పడ్డప్పుడు అరెస్టయి చిత్రహింసలు పడ్డారు. 1977లో కమ్యూనిస్టు పోలీసులు అరెస్టు చేశారు. 1982లో పుట్టిన ఊరికి బహిష్కరించారు, వయసుమళ్లిన తల్లితో సహా. ఆ చలిలో, లేమిలో 1985లో ఆమె పోయింది. 1992లో అనుమతి అడక్కుండా సైగాన్ తిరిగొచ్చారు. 1994లో మెకాంగ్ వరదలకు ఐక్య సంఘం తరఫున బియ్యం, బట్టలు పంచడానికి పూనుకుంటే, అనుమతి లేని సంస్థ పేరుతో పంచడం నేరమైంది. 1995లో అయిదేళ్ల జైలు వేశారు. 1998లో క్షమాభిక్షతో బయటికొచ్చాక థాన్ మిన్ ఆరామమే ఆయనకు జైలైంది. గేటు బయట కాపలా, లోపల ఆయన. ఈ నిర్బంధాల మధ్యే ఫో గ్వాంగ్ బౌద్ధ మహానిఘంటువును చైనీస్ నుంచి వియత్నామీస్‌లోకి తెచ్చారు. 2006లో నార్వే రాఫ్తో బహుమతి వస్తే తీసుకోవడానికి వెళ్లలేకపోయారు.

మా నాన్న తరంవాళ్లకు నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది 2007 జులై 17 సంగతి. అధికారులు భూములు లాక్కున్నారని డెల్టా రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లు, సైగాన్‌లో జాతీయ అసెంబ్లీ కార్యాలయం ముందు వారాల తరబడి కూర్చున్నారు. క్వాంగ్ డో ఆరామం దాటి వాళ్ల దగ్గరికి వెళ్లారు. సంఘం తరఫున డబ్బు పంచారు, మీ భూమి మీకు దక్కాలని మైకులో మాట్లాడారు. భూమి దున్నేవాడిదే అన్న నినాదం విని పెరిగిన మనం, ఆ మాటను ఆ రోజు సైగాన్‌లో కాషాయం కట్టిన డెబ్బై ఎనిమిదేళ్ల వృద్ధుడు అన్నాడని తెలుసుకోవాలి. మరునాటి రాత్రి పోలీసులు రైతులను ఎత్తి ఇళ్లకు తోలేశారు.

థాన్ మిన్ ఆరామం ముందు వీధిలో నడిచాను, లోపలికి పోలేదు. 2018లో ఆయన్నక్కడ నుంచి వెళ్లిపొమ్మన్నారు. చివరికి ఇదే నగరంలో తూ హియూ అనే చిన్న పగోడాలో (హువేలోని ఆరామం పేరే) 2020 ఫిబ్రవరి 22న పోయారు. ఊరేగింపులు, పొగడ్తలు వద్దని రాసిపెట్టుకున్నారు. బూడిదను సముద్రంలో కలిపారు. ఏ కూడలిలోనూ ఆయనకు విగ్రహం లేదు.

ఇంకో ఇద్దరి గురించి రాయకుండా ఈ నగరం వదల్లేను. తుయే సీ, లె మాన్ థాట్. ఇద్దరూ వాన్ హాన్ విశ్వవిద్యాలయపు పండితులు. సంస్కృతం, చైనీస్ చదివినవాళ్లు, థాట్ అమెరికాలో డాక్టరేటు చేసి వచ్చారు. 1984 ఏప్రిల్‌లో ఇద్దరినీ పట్టుకున్నారు. 1988 సెప్టెంబరులో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర పేరిట మరణశిక్ష విధించారు. ప్రపంచమంతా అడిగితే ఇరవయ్యేళ్ల జైలుగా మార్చారు. 1998లో వదిలేస్తామన్నప్పుడు క్షమాభిక్ష కోరుతూ సంతకం పెట్టమన్నారు. తుయే సీ పెట్టలేదు, తనకు తీర్పు చెప్పే హక్కుగానీ క్షమించే హక్కుగానీ ఎవరికీ లేదన్నారు, నిరాహారదీక్షకు దిగారు. సంతకం లేకుండానే వదిలారు. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. థాట్ సర్కారు గుర్తించిన బౌద్ధ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు, హనోయ్‌లో 2008 వేశాఖ దినోత్సవాన్ని నిర్వహించిన అంతర్జాతీయ సంఘానికి పెద్ద అయ్యారు. తుయే సీ బయటే ఉండిపోయి ఆగమాలను అనువదిస్తూ, త్రిపిటక అనువాదానికి ఒక మండలిని కూడగట్టి, 2023 నవంబరు 24న డాంగ్ నాయ్‌లో పోయారు. పుస్తకాల దుకాణంలో ఇద్దరి పుస్తకాలూ చూశాను. థాట్ రాసిన వియత్నాం బౌద్ధ చరిత్ర లేకుండా ఈ దేశాన్ని చదవలేం. అయినా నన్ను అడిగితే తుయే సీ వైపే నిలబడతాను. లోపల ఉండి పనిచేసేవాడికి జాగా మిగిలేది బయట ఒకడు సంతకం పెట్టనని నిలబడ్డందువల్లే.

నగరంలోని చరిత్ర మ్యూజియంలో డాంగ్ జువాంగ్ బుద్ధుడున్నాడు. మధ్య వియత్నాంలోని చంపా రాజ్యపు శిథిలాల్లో 1911లో దొరికిన కంచు విగ్రహం. ఎడమ భుజం మీంచి జారే చీవరపు సన్నని మడతలు చూసి, ఇది అమరావతి శైలి అని పండితులు చాలామంది అన్నారు, సింహళం నుంచి వచ్చిందన్నవాళ్లూ ఉన్నారు. నాకు ఆ మడతలు పాత గుంటూరు జిల్లా రాతిలో చూసినవే. ఆ కాలంలో బుద్ధుడు ఓడలో వచ్చాడు. ఏ రేవులో ఎవరి ముద్ర వేయించుకున్నాడో శాసనమేదీ చెప్పదు.

సైగాన్ నుంచి దా లాట్ వెళ్లే ఘాటు రోడ్డులో, దాదాపు 190 కిలోమీటర్ల దగ్గర బావో లోక్. టీ తోటలు, కాఫీ, పట్టుపురుగుల పెంపకం. ఊరి బయట, జలపాతానికి వెళ్లే దారిలో బాట్ న్యా ఆరామం. 2005లో న్యాట్ హాన్ తిరిగొచ్చినప్పుడు ఇక్కడి పెద్ద ఆయన సంప్రదాయాన్ని ఆహ్వానించారు. కుర్రకారు ఎగబడి చేరారు, ఎక్కువమంది ఇరవై పాతికేళ్లలోపువాళ్లు. రాజ్యం మతవ్యవహారాల్లోంచి తప్పుకోవాలని 2007లో న్యాట్ హాన్ అధ్యక్షుడికే సలహా ఇచ్చారు. మరుసటేడు దలైలామాకు మద్దతుగా ఇటలీ టీవీలో మాట్లాడారు. 2009 వేసవిలో ఇక్కడ కరెంటు, నీళ్లు, ఫోను ఆగిపోయాయి. సెప్టెంబరు 27న ఒక గుంపు వచ్చి సుమారు 400 మంది భిక్షు భిక్షుణులను వానలో బయటికి ఈడ్చేసింది. వాళ్లు తిరిగి చెయ్యెత్తలేదు, కూర్చుని జపం చేశారు. ఇది బౌద్ధుల్లో రెండు వర్గాల గొడవ అంది ప్రభుత్వం. దగ్గర్లోని ఫువోక్ హుయే ఆలయం ఆశ్రయమిస్తే డిసెంబరుకల్లా అక్కడినుంచీ తరిమేశారు. చాలామంది థాయిలాండ్ పోయి కొత్త ఆరామం కట్టుకున్నారు. బాట్ న్యా గేటు ఇప్పుడు తెరిచే ఉంది, కార్లలో జనం వస్తున్నారు, పూలమొక్కల ముందు ఫోటోలు దిగుతున్నారు. బయట టీ పోసే ఆవిడను ఆ ఏడాది గురించి అడిగాను. “ఆ రోజు వాన గట్టిగా పడింది,” అంది. ఇంకో గ్లాసు పోసింది, డబ్బు తీసుకోలేదు.

ఈ ప్రయాణంలో నేను కలిసిన యువకులెవరికీ క్వాంగ్ డో తెలియదు. అందరికీ తెలిసిన పేరు మిన్ తుయే. 1981లో పుట్టిన ఈ మనిషి గుడ్డపేలికలు కుట్టిన వస్త్రం కట్టుకుని, రైస్ కుక్కర్ లోపలి గిన్నెను భిక్షాపాత్రగా పట్టుకుని, చెప్పులు లేకుండా ఏళ్లతరబడి దేశం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. డబ్బు ముట్టడు, పూటకు మించి తినడు, శ్మశానాల్లో చెట్ల కింద కూర్చునే నిద్రపోతాడు. బుద్ధుడు చెప్పిన ధుతాంగ నియమాలవి. 2024లో ఆయన వీడియోలు దేశమంతా పాకి జనం వెంట నడవడం మొదలుపెట్టారు. మేలో వియత్నాం బౌద్ధ సంఘం ఆయన భిక్షువు కాడని ప్రకటించింది. తాను భిక్షువునని ఆయనెప్పుడూ అనలేదు, బుద్ధుడు చెప్పింది నేర్చుకుంటున్న పౌరుణ్ణన్నాడు. జూన్ మొదట్లో హువే దగ్గర పోలీసులు రాత్రివేళ ఆ నడకను చెదరగొట్టారు. ఆయన స్వచ్ఛందంగా ఆపేశాడని ప్రకటన వచ్చింది. డిసెంబరులో బుద్ధుడి దేశానికి నడిచిపోతానని సరిహద్దు దాటి లావోస్, థాయిలాండ్ బాట పట్టాడు. హువే కుర్రాడి ఫోన్లో వాల్‌పేపరు ఆయన పాదాల బొమ్మ.

చివరగా మెకాంగ్ డెల్టాకు దిగాను. ఇక్కడి ఖ్మేర్ క్రోమ్ ప్రజలు మన పొరుగు సింహళంలోలాగే థేరవాదులు. పాలీలో చదువుతారు, పగోడాయే వాళ్ల బడి, భాష, ఊరు. విన్ లాంగ్ ప్రాంతంలో ఒక పగోడా పెద్దను మొదట సర్కారు సంఘం బహిష్కరించింది, తర్వాత పోలీసులు అరెస్టు చేశారు, 2024లో కోర్టు జైలుశిక్ష వేసింది. ఈ క్రమం గమనించాలి. కాషాయం ఊడదీసేది సంఘం, సంకెళ్లు వేసేది పోలీసులు, అందుచేత మేం భిక్షువులనెవరినీ జైల్లో పెట్టలేదని ప్రభుత్వం చెప్పుకోగలదు. ఆ పగోడాకు దారి కనుక్కున్నాను, వెళ్లలేదు. విదేశీయుడు వచ్చి వెళ్లిన మరునాడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది అక్కడివాళ్లు.

మన ప్రభుత్వం నాగార్జునకొండ ధాతువులను విమానమెక్కించి ఇక్కడికి పంపినందుకు నాకు సంతోషమే. సు బా లాంటివాళ్లకు ఆ దర్శనం దక్కింది. మళ్లీ పంపే రోజు వస్తుంది, అడిగే దేశాలు చాలా ఉన్నాయి. ఆ పెట్టెతోపాటు వెళ్లే మన మంత్రులు, అధికారులు ఆతిథ్యమిచ్చే సంఘాన్ని ఒక్క మాట అడగాలి: మీరు బహిష్కరించిన భిక్షువులు ఎక్కడున్నారు, వాళ్లకూ ఈ ధాతువుల దర్శనం ఇప్పిస్తారా అని. ఈ మాట అడగాల్సింది ముందుగా తెలుగువాళ్లం. ఆ ధాతువులు మన కొండలోంచి వెళ్లినవి.